మొలతాడుకి తాళంచెవి: మా గుడివాడ హాస్టల్ రోజులు

90ల్లో మా వైపు ఎవరింట్లోనైనా పిల్లాడు ఐదో తరగతి బాగా చదివి పాసయ్యాడంటే ఊళ్ళో వాళ్ళు అడిగే మొదటి మాట "ఏం, గుడివాడ పంపిస్తన్నారా" అని. మాది మధిర దగ్గర పల్లెటూరు, ఖమ్మం జిల్లా. ఇంటర్ కైతే బెజవాడ, గుంటూరు అనేవాళ్ళు గానీ స్కూలు చదువుకి మాత్రం గుడివాడ పేరే చెప్పేవాళ్ళు. పొలాల మధ్యన, కాలవ గట్ల పక్కన రెసిడెన్షియల్ స్కూళ్ళు, ఏడో తరగతి కామన్ పరీక్ష, పదో తరగతి ర్యాంకులు, నవోదయ ఎంట్రన్సు, కోరుకొండ సైనిక్ స్కూల్ ఎంట్రన్సు, మే నెలలో రిజల్ట్స్ వచ్చాయంటే పేపర్లో వరసగా పాస్ పోర్ట్ సైజు ఫోటోలు. ఆ ఫోటోలు చూసే మా నాన్న నన్ను పంపించాలని నిర్ణయించుకున్నాడు. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మగా వచ్చిన డబ్బులో సగం పైన ఫీజుకే పోయింది, ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్తే తెలిసింది.

1992 జూన్ లో ఆరో తరగతిలో చేరాను. స్కూలు పేరు ఇక్కడ రాయను, రాయాల్సిన మంచీ చెడూ రెండూ ఉన్నాయి కాబట్టి. మధిరలో రైలెక్కి బెజవాడ, అక్కణ్ణుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సు. ఉయ్యూరు రాగానే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన బస్సు నిండా కమ్ముకునేది, పిల్లలంతా ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు ఆ వాసన వచ్చిందంటే ఇంక ఇల్లు వెనకపడిపోయింది, స్కూలు దగ్గరికొచ్చేసింది అని గుండెల్లో మొదలయ్యేది. తిరిగి ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ అదే వాసన వస్తే ఎంత సంతోషమో చెప్పలేను.

హాస్టల్ కి కావాల్సినవాటి లిస్టు ముందే ఇచ్చేవాళ్ళు. ట్రంకు పెట్టె, తాళం కప్ప, జంబుఖానా, దుప్పటి, తలగడ, బకెట్, మగ్గు, పేరు కొట్టించిన కంచం గ్లాసు. డార్మిటరీ అంటే పెద్ద రేకుల హాలు, మంచాలు లేవు, రెండు వరసల్లో పక్కలు, ఒక్కొక్కళ్ళ తలవైపు ఒక్కో ట్రంకు పెట్టె. ఆ మొత్తం క్యాంపస్ లో మనది అని చెప్పుకోడానికి ఉన్న చోటు ఆ పెట్టె ఒక్కటే. తాళంచెవి జేబులో పెట్టుకుంటే పోతుందని అందరం మొలతాడుకి కట్టుకునేవాళ్ళం, స్నానానికెళ్ళినా నిద్రపోయినా అది ఒంటి మీదే. మూత లోపలివైపు కొంతమంది దేవుడి బొమ్మ అంటించేవాళ్ళు, కొంతమంది సచిన్, అజారుద్దీన్ ల ఫోటోలు, నేను మా ఇంటి ముందు తీయించుకున్న ఫోటో ఒకటి అన్నం మెతుకులతో అంటించాను. పెట్టె తెరిచినప్పుడల్లా లోపల్నుంచి ఇంటి వాసన వచ్చేది, బట్టలు అమ్మ మడతపెట్టిన వాసన, కందిపొడి వాసన, నేతి వాసన, దసరా సెలవుల దాకా అది తగ్గుతూ తగ్గుతూ ఉండేది.

ఇంకోటి చెప్పాలి. హాస్టల్ లో ఎవరికీ సొంత పేరు ఉండేది కాదు, ఊరి పేరే పేరు. నన్ను మధిర అనేవాళ్ళు. నా పక్కన పడుకునేవాడు రాజోలు, వాడి అవతల బందరు, ఎదురు వరసలో తిరువూరు, కైకలూరు, చింతలపూడి. ఇప్పటికీ రాజోలు అసలు పేరు గుర్తు తెచ్చుకోవాలంటే ఒక్క క్షణం ఆగాలి. సెలవుల నుంచి వచ్చినప్పుడు ఏ పెట్టెలో ఏముంటుందో అందరికీ తెలుసు. బందరు వాడి దగ్గర లడ్డు, నూజివీడు అన్న దగ్గర మామిడి తాండ్ర, రాజోలు దగ్గర పూతరేకులు, నా దగ్గర మా అమ్మ పెట్టిన ఎర్రటి ఆవకాయ, పండుమిరప పచ్చడి. మొదటి వారం ఎవరిది వాళ్ళు దాచుకుని తినేవాళ్ళం. నూజివీడు అన్న అప్పుడు ఎనిమిదో తరగతి, మా హాల్ కి లీడరు. ఒకరోజు రాత్రి స్టడీ అయ్యాక అందరి సీసాలు, డబ్బాలు బయట పెట్టించి "ఏరా, ఎవరి దగ్గర ఏమీ లేదో వాళ్ళు ముందు తీసుకోండి" అన్నాడు. తెచ్చుకోడానికి ఇంట్లో ఏమీ లేని పిల్లలు కూడా మాలో ఉన్నారని, వాళ్ళు అందరూ తినేటప్పుడు మంచినీళ్ళ వంకతో బయటికి వెళ్ళిపోతారని అన్న గమనించాడు, మేం గమనించలేదు. పదమూడేళ్ళ పిల్లాడికి ఆ ఇంగితం ఎవరు నేర్పారో. ఆ తర్వాత పచ్చళ్ళన్నీ కిటికీ గట్టు మీదే ఉండేవి, తాళాల్లో కాదు.

పొద్దున నాలుగున్నరకి గంట. రైలు పట్టా ముక్క వేలాడదీసి ఇనప కడ్డీతో కొట్టేవాళ్ళు, ఆ మోత పడుకున్నవాళ్ళ తలలోంచి దూసుకెళ్ళేది. చలికాలం ఆ తొట్టి దగ్గర నీళ్ళు పోసుకోవడం గురించి ఎంత చెప్పినా తక్కువే. బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవి, సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు, జుట్టు అట్టకట్టుకుపోయేది. తర్వాత సైన్స్ పుస్తకంలో కఠిన జలం పాఠం వచ్చినప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల సబ్బు నురగ రాదు అని సార్ చెప్తుంటే క్లాసు క్లాసంతా ఒక్కసారిగా "మన తొట్టి సార్" అని అరిచాం. ఆ పాఠం మాలో ఎవరూ ఎప్పటికీ మర్చిపోరు.

ఐదు నుంచి ఏడు స్టడీ, సాయంత్రం మళ్ళీ ఆరున్నర నుంచి, రాత్రి భోజనాలయ్యాక పదింటి దాకా ఇంకోసారి. ఎవరి పాఠం వాళ్ళు పైకి చదవాలి, మనసులో చదివితే నిద్రపోతున్నాడని బెత్తం పడేది. ఒకడు అక్బర్ పరిపాలన, ఇంకొకడు కిరణజన్య సంయోగక్రియ, ఇంకొకడు హిందీ దోహా, అన్నీ కలిసి హాలంతా హోరు. మాది తెలుగు మీడియం. మా తెలుగు మాస్టారు మాత్రం పిల్లలు కూర్చుని కునికిపాట్లు పడుతుంటే లేపి గ్రౌండ్ లోకి తీసుకెళ్ళి నడిపించేవారు, అడుగుకో గణం. యమాతారాజభానసలగం అని ఒక రౌండు, భ ర న భ భ ర వ ఉత్పలమాల అని ఇంకో రౌండు, న జ భ జ జ జ ర చంపకమాల అని ఇంకోటి. చీకట్లో, మంచులో, పక్క పొలంలో వరి కోస్తున్న కూలోళ్ళు మమ్మల్ని ఆగి చూసేవాళ్ళు. ఇప్పటికీ పొద్దున వాకింగ్ చేస్తుంటే నా కాళ్ళకి అవే గణాలు వస్తాయి. ఆయన చెయ్యి ఎత్తగా నేను ఎప్పుడూ చూడలేదు, ఆయన సబ్జెక్టులో తప్పినవాడూ లేడు.

అందరూ అలా లేరు. వారానికో టెస్టు, సోమవారం అసెంబ్లీలో ర్యాంకులు పైనుంచి కింద దాకా చదివేవాళ్ళు, ఆఖరి వాళ్ళని మెట్ల మీద నిలబెట్టేవాళ్ళు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చేసేవాళ్ళు. సెక్షన్ మారితే బెంచీ మారుతుంది, మంచి మాస్టార్లు మారిపోతారు, అన్నం వడ్డించే వరస కూడా మారుతుంది. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడు పెద్ద పెద్ద బిల్డింగుల్లో ఏసీ క్లాసుల్లో చేస్తున్నా తప్పే. చదువు రానివాడికి చదువు ఎక్కువ చెప్పాలి గానీ అన్నం ఆలస్యంగా పెట్టడమేంటి. చింతలపూడి వాడు బొమ్మలు ఎంత బాగా వేసేవాడో, చాక్ పీసుతో నేల మీద కోడిపుంజు వేస్తే ఈకలు కదిలినట్టుండేవి, వాడు మూడేళ్ళు ఆ మెట్ల మీదే ఎక్కువసార్లు నిలబడ్డాడు. ఏడో తరగతిలో ఒకసారి గోడ దూకి రైల్వే స్టేషన్ కి వెళ్ళిపోయాడు. ప్లాట్ ఫారం మీద టీ కొట్టాయన యూనిఫాం చూసి కూర్చోబెట్టి, బన్ను పెట్టి, స్కూల్ కి కబురు చేశాడు. ఆ వచ్చే ఏడాది వాళ్ళ నాన్న వాణ్ణి మాన్పించి తీసుకుపోయాడు. వాడి గురించి ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు, ఎక్కడున్నా బాగుండాలని ఇప్పటికీ అనుకుంటా.

మెస్ సంగతి రాయకపోతే అసలు ఏమీ రాయనట్టే. పప్పు నీళ్ళ పప్పే, మజ్జిగ పలచని మజ్జిగే, ఉప్మాలో పురుగులు ఏరుకున్న రోజులూ ఉన్నాయి. కానీ దానికి బాధ్యుడు వంట బాబాయ్ కాదు, ఆయనకిచ్చే సరుకులే అంత. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం, కరస్పాండెంట్ తో సహా పెద్దవాళ్ళంతా పేరు పెట్టి పిలిచేవాళ్ళు. మూడింటికే లేచి పొయ్యి వెలిగించేవాడు. ఎవరికైనా జ్వరం వస్తే వార్డెన్ గారు మందు బిళ్ళ ఇచ్చి వెళ్ళిపోయేవారు, గంజి కాచి ఉప్పేసి, పక్కన కూర్చుని తాగించేది మాత్రం బాబాయే. నాకు ఎనిమిదో తరగతిలో మలేరియా వచ్చి చలితో వణికిపోతుంటే వంటింట్లో పొయ్యి పక్కన గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు, వెచ్చగా ఉంటుందని. ఆదివారం కోడికూర రోజు గరిటె పట్టుకుని ఆయనే నిలబడేవాడు, క్రితం వారం ఎవరికి ఎముకలే వచ్చాయో ఆయనకి గుర్తుండేది, ఈ వారం వాడికి కండ పడేది. అంతమంది పిల్లల్లో ఎలా గుర్తుండేదో నాకు తెలియదు.

చలికాలం వస్తే గజ్జి. ఒకడికి వచ్చిందంటే పక్కలు పక్కలే కదా, వారంలో హాలంతా పాకేది. బెంజైల్ బెంజోయేట్ అని తెల్లటి లోషన్ ఉండేది, ఘాటు వాసన, పుండ్ల మీద పడితే మంట. డాక్టరు గారు ఒక్కడికి రాస్తే లాభం లేదు, అందరికీ ఒకే రోజు రాయాలి, బట్టలు, దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉడకబెట్టాలి అని చెప్పారు. వేణ్ణీళ్ళంటే ఎవరు కాస్తారు, మళ్ళీ బాబాయే, అన్నం వండే గుండిగలు కాకుండా వేరే డ్రమ్ము తెచ్చి కట్టెలు పెట్టి రోజంతా కాచాడు. మేం నిక్కర్లతో ఎండలో వరసగా నిలబడితే పెద్ద క్లాసుల అన్నలు చిన్నవాళ్ళ వీపులకి లోషన్ రాసేవాళ్ళు. వీపు మనకి మనం రాసుకోలేం కదా. నాకు నూజివీడు అన్న రాశాడు, మూడేళ్ళ తర్వాత నేను ఇంకో ఆరో తరగతి పిల్లాడికి రాశాను.

ఇంటికి ఉత్తరం వారానికొకటి, 15 పైసల పోస్ట్ కార్డు. వార్డెన్ చదివాకే పోస్టు చేసేవాళ్ళు, అందుకని అందరి కార్డుల్లోనూ ఒకే మాట, నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను, బాగా చదువుతున్నాను. నెలకొకసారి రెండో ఆదివారం పేరెంట్స్ ని రానిచ్చేవాళ్ళు. పొద్దున్నుంచే గేటు కమ్మీలు పట్టుకుని నిలబడేవాళ్ళం. ఎవరి అమ్మ వచ్చినా క్యారేజీ విప్పిందంటే చుట్టూ నలుగురైదుగురు ఉండాల్సిందే, తల్లులు కూడా ముందే లెక్కేసుకుని గారెలు, కోడికూర ఎక్కువ తెచ్చేవాళ్ళు. మా ఊరు దూరం కాబట్టి మావాళ్ళు మూడు నెలలకోసారి వస్తే గొప్ప. మిగతా ఆదివారాలు నేను తిన్నది బందరు వాళ్ళ అమ్మ చేతి ముద్దలే. ఆవిడ నన్ను "మధిర బాబూ, ఇంకో ముద్ద తిను నాన్నా" అనేది. ఆవిడ పోయినప్పుడు నేను ఉద్యోగం మీద బయట దేశంలో ఉన్నాను, రాలేకపోయాను.

బయట ప్రపంచం గేటు దాటి లోపలికి వచ్చిన రోజులు తక్కువ, అందుకే తేదీలతో సహా గుర్తు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గోలెత్తింది కదా, మా స్కూల్లో చిన్న గుడి ఉండేది, మెస్ పాలన్నీ అక్కడికే పోయి ఆ రోజు టీ లేదు. సైన్స్ సార్ మాత్రం తర్వాత రోజు క్లాసులో చెంచా, రాతి ముక్క, నీళ్ళు పెట్టి తలతన్యత అంటే ఏంటో చేసి చూపించారు. నమ్మినవాళ్ళని ఒక్క మాట అనలేదు. 1996 జనవరి 18న సంక్రాంతి సెలవులయ్యి కొంతమందిమి అప్పుడే వచ్చాం, పొద్దున రేడియోలో ఎన్టీఆర్ పోయారని వార్త. ఆయన పుట్టిన నిమ్మకూరు మాకు దగ్గరే, ఒకప్పుడు గుడివాడ నుంచే ఎమ్మెల్యేగా గెలిచారు, ఇంక ఊరు ఊరంతా ఏడుపు. బాబాయ్ ఆ రోజు వండలేదు, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు, మేమే అన్నం వార్చుకున్నాం. మార్చి 9న బెంగుళూరులో పాకిస్తాన్ తో క్రికెట్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్, స్టడీ అవర్లో వార్డెన్ గారే ట్రాన్సిస్టర్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు, వెంకటేష్ ప్రసాద్ సోహైల్ ని బౌల్డ్ చేసినప్పుడు హాల్లో లేచిన కేక గుడివాడ స్టేషన్ దాకా వినపడి ఉంటుంది.

ఇవన్నీ ఒకెత్తు, అదే ఏడాది నవంబర్ 6 ఒకెత్తు. అప్పుడు మేం టెన్త్. సాయంత్రం నుంచి మాకు గాలీ వానా, రేకులు టపటపా కొట్టుకున్నాయి, కరెంటు పోయింది. మాకు అంతే. తెల్లారాక రేడియోలో కోనసీమ మీద తుఫాను పడింది, కాకినాడ వైపు తీరం దాటింది, జనం పోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి అని వస్తుంటే అందరం రాజోలు వైపు చూశాం. వాడు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ లైన్లు లేవు, వాళ్ళ ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ మోగట్లేదు. ప్రిన్సిపాల్ గారు ఎస్టీడీ బూత్ లో కూర్చుని ప్రయత్నించారు, ఏమీ లేదు. తర్వాత రోజు పేపర్లో ఊళ్ళ పేర్లు వచ్చాయి, వాడు ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదువుతున్నాడు, ఇది మా పెదనాన్న వాళ్ళ ఊరు, ఇది మా అమ్మమ్మ వాళ్ళది అని. వాడి పక్కనే మేం పడుకున్నాం, ఒక్కణ్ణి బాత్రూం కి కూడా పంపించలేదు. బాబాయ్ వాడికి అన్నం కలిపి నోట్లో పెట్టాడు, పదిహేనేళ్ళ వాడికి.

దీపావళి ముందు రోజు మధ్యాహ్నం వాళ్ళ నాన్న వచ్చాడు. గోదావరి మీద పంటు దాటి నరసాపురం వచ్చి, అక్కణ్ణుంచి దొరికిన బస్సూ లారీ పట్టుకుని వచ్చాడట. ఎప్పుడొచ్చినా పూతరేకుల అట్టపెట్టెతో వచ్చే మనిషి, ఆ రోజు ఉత్త చేతులతో, బురద పంచెతో గేట్లో నిలబడ్డాడు. రాజోలు పరిగెత్తాడు. ఆయన వాణ్ణి పట్టుకుని "ఇల్లు పోయింది గానీ మనుషులం అందరం ఉన్నాంరా, ఆ మాట చెబుదామనే వచ్చా" అన్నాడు, ఇంకేం అనలేకపోయాడు. తోటలో నిలబడి ఉన్న చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట. మళ్ళీ మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు. ఆ పూట ఆయనకి బాబాయ్ వేడివేడిగా వండి పెడితే ఆయన పిల్లలందరినీ తిన్నారా అని అడిగి అప్పుడు కూర్చున్నాడు. దీపావళికి ఎవరూ కాల్చొద్దు అని మాలో ఎవరూ చెప్పలేదు, కానీ ఎవరూ కాల్చలేదు. ఇక్కడ స్కూలు గురించి ఒక మంచి మాట కూడా రాయాలి, ఆ ఏడాది మిగిలిన ఫీజు గురించి వాణ్ణి ఆఫీసులో ఎవరూ అడగలేదు, వాడి పేరు బోర్డు మీద రాయలేదు.

1997 మార్చిలో పరీక్షలు. పదకొండు పేపర్లు, హిందీ ఒక్కటే వంద మార్కులకి, మిగతావన్నీ యాభై, మొత్తం ఆరువందలు. మాలో పేపర్లో ఫోటో పడినవాళ్ళున్నారు, నాది పడలేదు, రాజోలుది పడింది. మా నాన్న ఆ పేపరు తెచ్చి "మనవాడి పక్కన పడుకునేవాడే కదా" అని ఊరంతా చూపించాడు. ఫీజుకి మిరపకాయలు ధారపోసిన మనిషి, నా ఫోటో లేదని ఒక్క మాట అనలేదు. రాజోలు ఇంజనీరింగ్ సీటు వచ్చినా డిగ్రీ చదువుకుంటూ నాన్నతో పాటు తోట మళ్ళీ వేశాడు, ఇప్పుడు అక్కడే ఉంటాడు.

ఎవరైనా పిల్లల్ని హాస్టల్ లో వెయ్యొచ్చా అని నన్ను అడిగితే వెయ్యొద్దనే చెప్తాను. పదేళ్ళ పిల్లాడు రాత్రి దుప్పట్లో ఏడవడం నేను విన్నాను, నేనే ఏడ్చాను, దాన్ని ఏ ర్యాంకూ పూడ్చలేదు. మా పిల్లలు ఇంటి దగ్గరుండే చదువుకుంటున్నారు. కానీ మమ్మల్ని పెంచింది ఆ స్కూలు బ్రోచర్ లో ఫోటో లేనివాళ్ళు, గరిటె పట్టుకున్న బాబాయ్, సీసాలు బయట పెట్టించిన అన్న, ముద్దలు పెట్టిన బందరు అమ్మ, గణాలతో నడిపించిన మాస్టారు. వాళ్ళకి నేను బాకీ ఉన్నాను.

నూజివీడు అన్న ఈ మధ్య వెతికి వెతికి బాబాయ్ ఆచూకీ కనుక్కున్నాడు. కూతురి దగ్గర, ముదినేపల్లి వైపు ఒక పల్లెలో ఉంటున్నాడట, మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉన్నాడట, ఫోన్ లో "మధిర అంటే ఆ మలేరియా పిల్లోడే గదా" అన్నాడట. సంక్రాంతి వెళ్ళాక వచ్చే ఆదివారం బెజవాడ నుంచి బయల్దేరుతున్నాం. రాజోలు పూతరేకులు తెస్తున్నాడు, ఆవకాయ నా వంతు. ఆ బ్యాచుల వాళ్ళు ఎవరైనా వస్తామంటే ముందుగా చెప్పండి, ఇంకో బండి మాట్లాడదాం.